రూపాయికి వేషం కట్టేది ఎవరు? మెయిల్ మెర్జ్‌లో సొమ్ము లెక్కలపై ఒక సమీక్ష

హైదరాబాద్‌లోని ఆరాంఘర్ చౌరస్తా నుంచి ఒక పక్క కాటేదాన్ పారిశ్రామికవాడ, ఇంకో పక్క రాజేంద్రనగర్, దక్షిణాన శంషాబాద్ విమానాశ్రయం. 2009లో మెహదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడికే వచ్చి దిగింది. ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో నెలనెలా తయారయ్యే కాగితాలు చూడండి. ఫ్యాక్టరీ కార్మికుల జీతం చీటీలు, విమానాశ్రయంలో సెక్యూరిటీకి, హౌస్‌కీపింగ్‌కు మనుషులను పెట్టే కాంట్రాక్టర్ల ఉత్తరాలు, కాలేజీ ఫీజు నోటీసులు, అపార్ట్‌మెంట్ సంఘాల బకాయి లేఖలు. పెద్ద సంస్థలకు సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మిగతా చోట్ల ఎక్సెల్‌లో ఒక పట్టిక, వర్డ్‌లో ఒక నమూనా ఉత్తరం, రెంటినీ కలిపే మెయిల్ మెర్జ్. పేరు, ఊరు, ఇంటి నంబరు బుద్ధిగా వచ్చి కూర్చుంటాయి. పేచీ అంతా సొమ్ము దగ్గరే.

పట్టికలో 1,23,450.00 అని ఉన్నది ఉత్తరంలో 123450 అవుతుంది. పైసల వెనక పది సున్నాలు తోకలా వేలాడతాయి. ₹ గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనబడుతుంది. దీనికి మందు చెప్పేవాళ్లు ఇరవై ఏళ్లుగా ఉన్నారు, చెప్పేవి మాత్రం ఒకదానికొకటి పొసగవు. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ లోపాలుగానే చర్చకు రావడం వల్ల చిక్కు ముదిరిందని నా అభిప్రాయం. అందులో సగం తగవు రూపాయి లెక్కది, భాషది.

హాలీ సిక్కా నుంచి నయా పైస దాకా

సొమ్మును ఎలా రాయాలన్న తగాదా కంప్యూటర్‌తో పుట్టలేదు. ఆరాంఘర్ ఉన్న ఈ నేల నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు చెల్లింది హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరుకు హాలీ రూపాయలు ఏడు మారకం. అందుకే నాటి లెక్కల పుస్తకాల్లో మొత్తం పక్కన ఓ.ఎస్. (హాలీ) అనో ఐ.జి. (ఇంగ్లీషు) అనో గుర్తు తప్పనిసరి. ఆ రెండక్షరాలు లేకపోతే అంకెకు అర్థం లేదు. ఈ మారకం ప్రకారం నూరు ఇంగ్లీషు రూపాయలు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. నూట పదహార్ల కట్నం ఇక్కడి నుంచే వచ్చిందని ఒక కథనం ప్రచారంలో ఉంది. అంత నమ్మదగ్గదిగా తోచదు కానీ వినడానికి బాగుంటుంది.

అప్పటి రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు, అంటే మొత్తం 192. తెలుగు కరణాల లెక్క ఇంకా లోతు. వీసం పదహారో వంతు, కాని అరవైనాలుగో వంతు, వాటికి విడి గుర్తులు. ఆ భిన్నాల గుర్తులు యూనికోడ్‌లోకి 2008లో, శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్న ఏడాదే, చేరాయి. అప్పటికి వాటితో లెక్క రాసేవాళ్లు లేరు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి రూపాయికి నూరు నయా పైసలయ్యాయి. 1964లో 'నయా' పోయింది. దశాంశం రావడంతో రూపాయి కంప్యూటర్‌కు అనువుగా మారింది. కామాలు మాత్రం మారలేదు. మనం లక్షల్లో, కోట్లలోనే విరుస్తున్నాం.

వర్డ్‌స్టార్ రోజుల్లో మెయిల్ మెర్జ్ అంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు తోడుగా అమ్మిన విడి సరుకు. 1980ల్లో అది పట్టికలోని అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు ఉత్తరంలోకి దించేది. రాసినదే వచ్చేది కనుక అసలు గొడవే లేదు. గొడవ మొదలైంది వర్డ్ 2002 వెర్షన్‌తో. అంతకు ముందు వర్డ్ ఎక్సెల్‌ను తెరిపించి, తెర మీద కనబడే అంకెనే అడిగి తెచ్చుకునేది. ఆ పద్ధతి పేరు డీడీఈ. వర్డ్ 2002 నుంచి ఓఎల్ఈ డీబీ అనే దారి ఆనవాయితీ అయింది. ఇది ఎక్సెల్ గడిలోని అసలు విలువను తెస్తుంది, దానికి తొడిగిన అంగీని వదిలేస్తుంది. కామాలు, రూపాయి గుర్తు, రెండు దశాంశాలు అన్నీ ఆ అంగీలోవే.

తోక సంగతీ ఇదే. కంప్యూటర్ అంకెలను రెండు గుర్తులతో రాసుకుంటుంది కనుక మన పదో వంతు దానికి సరిగా లొంగదు. 0.1కి 0.2 కలిపితే లోపల వచ్చేది 0.30000000000000004. ఎక్సెల్ ఆ తోకను దాచిపెడుతుంది, మెర్జ్ బయటపెడుతుంది.

మూడు బడులు

మొదటి బడి వర్డ్ ఫీల్డుల (ఉత్తరంలో పట్టిక విలువ వచ్చి కూర్చునే స్థానాల) వాళ్లది. అంకె పచ్చిగా వచ్చినా ఫర్వాలేదు, ఫీల్డుకు హాష్ గుర్తు ఉన్న ఒక స్విచ్ తగిలించి, దాని పక్కన #,##0.00 లాంటి నమూనా ఇస్తే ఉత్తరంలో సరైన రూపం వస్తుందంటారు. లెక్కలు కూడా అక్కడే చేయవచ్చు. కంట్రోల్, ఎఫ్ 9 నొక్కితే వచ్చే మీసాల బ్రాకెట్లలో కూడికలు, శాతాలు, 'అయితే ఇది, లేకపోతే అది' షరతులు అన్నీ పెట్టవచ్చు. నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఏప్రిల్‌లో ముందే కట్టేవాళ్లకు ఆ ఏడాది ఆస్తిపన్నులో 5 శాతం తగ్గిస్తుంది, పాత బకాయిలో తగ్గించదు. ఇలాంటి షరతులున్న ఉత్తరానికి ఫీల్డులు చక్కగా సరిపోతాయి. ఎక్సెల్ ఫైలును పది చేతులు తాకే చోట వర్డ్ నమూనాను ఒక్కరే కాపాడుకోవచ్చన్నది వీళ్ల వాదంలో బలమైన ముక్క. బలహీనత ఏమిటంటే ఒక గడి ఖాళీగా ఉంటే మొత్తం స్థానంలో 'సింటాక్స్ ఎర్రర్' అని అచ్చవుతుంది. మూడు వందల ఉత్తరాల్లో ఇది ఎక్కడ పడిందో ఎవరూ చూడరు, అందుకున్నవాడు తప్ప.

రెండో బడి మూలంలోనే సర్దేవాళ్లది. ఎక్సెల్‌లో ఇంకో కాలమ్ తెరిచి, టెక్స్ట్ ఫంక్షన్‌తో అంకెను అక్షరాలుగా మార్చి, ఆ కాలమ్‌నే ఉత్తరానికి ఇస్తారు. అక్షరంగా మారినది దారిలో చెడదు. తెర మీద కళ్లతో చూసినదే కాగితం మీద వస్తుంది. అయితే అక్షరమైన అంకె ఇక అంకె కాదు. వర్డ్‌లో దాన్ని నమ్మి పోలికలకు, కూడికలకు వాడలేం. పైగా ఎవరో ఫార్ములాను తుడిచి విలువ అతికిస్తే, అసలు జీతం మారినా పక్క కాలమ్‌లో పాతదే నిలిచిపోతుంది.

మూడో బడి డీడీఈనే మళ్లీ తెరిపించేవాళ్లది. వర్డ్ సెట్టింగుల్లో ఒక టిక్కు పెడితే పాత దారి నేటికీ దొరుకుతుంది. పని అవుతుంది కానీ నెమ్మది, ఫైలులో మొదటి షీటునే చూస్తుంది, ఎక్సెల్ తెరిచి ఉండాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దీన్ని సిఫారసు చేయలేం.

మూడు బడులూ పెద్దగా మాట్లాడని చిక్కు ఒకటుంది. ఓఎల్ఈ డీబీ ఒక కాలమ్‌లో ఉన్నవి అంకెలా అక్షరాలా అన్నది పైనున్న ఎనిమిది వరుసలు చూసి ఊహిస్తుంది. బకాయి కాలమ్‌లో మొదటి ఎనిమిది మందికీ అంకెలుండి, తర్వాత ఎవరికో 'నిల్' అని రాస్తే, ఆ 'నిల్' ఉత్తరంలో సున్నాగానో ఖాళీగానో దిగుతుంది. ఈ ఒక్క కేసులో పోయేదేమీ లేదు. 'కోర్టు స్టే' అని రాసిన గడి సున్నా అయితే మాత్రం పోతుంది.

కామాల తగవు

పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల ఐదు వందల అరవై ఏడును మనం 12,34,567 అని రాస్తాం. ప్రపంచంలో చాలాచోట్ల 1,234,567. వర్డ్ స్విచ్‌కు కామా పెట్టమంటే మూడేసి అంకెలకే పెడుతుంది. లక్షల విరుపు కావాలంటే మొత్తం కోటి దాటిందా, లక్ష దాటిందా అని ఒకదానిలో ఒకటి షరతులు దోపి, ప్రతి అంతస్తుకూ విడి నమూనా ఇవ్వాలి. చేసినవాళ్లున్నారు. ఆ ఫీల్డు విప్పి చూస్తే పంచాంగంలా ఉంటుంది.

ఎక్సెల్‌లోనూ ఇదే ఉపాయం వేరే రూపంలో చలామణీలో ఉంది. కోటికి మించితే ఒక రూపం, లక్షకు మించితే ఒకటి, తక్కినవాటికి ఇంకొకటి. ఈ మూడు ముక్కల ఫార్మాట్‌లో రెండు షరతులకే చోటు కనుక మైనస్ మొత్తాలకు చోటు మిగలదు. జీతంలో కోత, ఫీజు వాపసు లాంటివి మూడో ముక్కలో పడి మళ్లీ మిలియన్ కామాలతో వస్తాయి. విండోస్‌లో ప్రాంతాన్ని ఇండియాగా పెడితే ఎక్సెల్ ఈ బాధ లేకుండా లక్షల్లో విరుస్తుంది. కానీ ఆ అమరిక ఉన్నది ఫైలులో కాదు, యంత్రంలో. అదే ఫైలును అమెరికా అమరిక ఉన్న ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే కామాలు జరుగుతాయి. పెన్‌డ్రైవ్‌లో ఫైలు పట్టుకుని ప్రింటు కోసం డీటీపీ షాపుకు వెళ్లే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఈ ఒక్క చోట లిబ్రే ఆఫీస్ మెరుగు. అందులో #,##,##0.00 అని రాస్తే అర్థం చేసుకుంటుంది, యంత్రం మారినా మాట తప్పదు.

గుర్తు గొడవ కొంత సద్దుమణిగింది. డి. ఉదయ్ కుమార్ గీసిన ₹ను కేంద్రం 2010 జులై 15న ఆమోదించింది, అదే ఏడాది యూనికోడ్ 6.0లో చేరింది. మధ్యలో కొన్నాళ్లు మంగళూరు కంపెనీ ఫొరాడియన్ ఇచ్చిన ఫాంటుతో జనం నెట్టుకొచ్చారు. ట్యాబ్ మీటకు పైనున్న మీట నొక్కితే ₹ వచ్చేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అది ఒట్టి వెనక్కి వాలిన కొమ్ములా కనబడేది. ఆనాటి నమూనా ఉత్తరాలు ఇప్పటికీ కొన్ని ఆఫీసుల్లో బతికే ఉంటాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు నమూనాలోకి యూనికోడ్ పట్టిక దింపినా ఇదే గతి. తెలుగు ఉత్తరంలో ₹ కంటే 'రూ.' చూడడానికి ఇంపుగా ఉంటుందని నా మాట. ఏ ఫాంటులోనూ మాయమవదు కూడా. ఇందులో రాజకీయం వెతకనక్కర్లేదు. అయితే వెతికిన చోటూ ఉంది. తమిళనాడు 2025 మార్చిలో తన బడ్జెట్ చిహ్నంలో ₹ తీసి తమిళ 'రూ' అక్షరం పెట్టినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది.

పైస ఎటు పోవాలి?

చర్చలన్నీ రూపం చుట్టూ తిరుగుతాయి కానీ ఉత్తరం మీద పోట్లాటకు వచ్చే మనిషి అడిగేది ఒక రూపాయి తేడా గురించి. పైసలను పైకి లాగాలా, కిందికి వదలాలా అన్నది వర్డ్ చెప్పదు, చట్టం చెబుతుంది. అదీ అన్నిచోట్లా ఒకలా చెప్పదు.

కాటేదాన్ ఫ్యాక్టరీలో ఒక జీతం చీటీ అనుకోండి. మూల వేతనం 11,210, మొత్తం 16,300. పీఎఫ్ 12 శాతం అంటే 1,345.20. నియమం దగ్గరి రూపాయికి, కనుక 1,345. ఈఎస్ఐ కార్మికుడి వాటా 2019 జులై నుంచి 0.75 శాతం, అంటే 122.25. ఇక్కడ పైస ఉన్నా పై రూపాయికే, కనుక 123. ఒకే చీటీలో పక్కపక్క వరుసల్లో ఒక పైసల ముక్క కిందికి, ఒకటి పైకి. వర్డ్‌లో రెండు ఫీల్డులకూ దశాంశం లేని ఒకే స్విచ్ తగిలిస్తే 1,345 సరే, ఈఎస్ఐ మాత్రం 122 అవుతుంది. చీటీ చూడచక్కగా ఉంటుంది, తప్పుగా ఉంటుంది.

జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ యాభై పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయమంటుంది, తక్కువైతే వదిలేయమంటుంది. 1,250 రూపాయల మీద 18 శాతం 225. దాన్ని కేంద్రానికి 9, రాష్ట్రానికి 9గా విడదీస్తే చెరి 112.50. ఒక్కొక్కటీ విడిగా సర్దితే 113, 113, కలిపి 226. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 288బి అయితే పన్నును ఏకంగా దగ్గరి పదికి సర్దమంది. ఇక కాలేజీ ఫీజు 10,000ను మూడు వాయిదాలుగా చూపిస్తే 3,333 చొప్పున 9,999. ఆ ఒక్క రూపాయి మొదటి వాయిదాలో వేయాలా, చివరి దాంట్లోనా అన్నది ఎవరో ఒకరు ముందే తేల్చాలి.

దీనికి తోడు ఎక్సెల్ తనలో తానే ఏకీభవించదు. గడిలో రౌండ్ ఫంక్షన్ 2.5ను 3 చేస్తుంది. అదే ఎక్సెల్ మాక్రో భాషలోని రౌండ్ 2 చేస్తుంది, సగం వస్తే దగ్గరి సరి సంఖ్య వైపు మొగ్గడం దాని ఆచారం. ఉత్తరాల పని తేలిక చేద్దామని ఎవరో మాక్రో రాసిపెట్టిన చోట కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

అందుకే రెండో బడి వైపు నా మొగ్గు, ఒక సవరణతో. సర్దుబాటు ఎక్సెల్‌లో రౌండ్, రౌండప్ ఫంక్షన్లతో విలువ మీదే జరగాలి. మొత్తం ఆ సర్దిన విలువలను కూడి రావాలి. అక్షరాల కాలమ్ దాని తర్వాత. వర్డ్‌కు మోసుకెళ్లి పెట్టే పని తప్ప ఇంకేమీ అప్పగించకూడదు. పీఎఫ్, ఈఎస్ఐ చీటీ ఫీల్డుల బడి వాళ్లను ఓడించే ఉదాహరణ. ఆస్తిపన్ను షరతుల ఉత్తరంలో మాత్రం వాళ్లకూ పాయింటు ఉంది, కాదనను.

చుక్క పెట్టినంత మాత్రాన దశాంశం కాదు

తెలంగాణలో భూమి లెక్క ఉన్న ఉత్తరాలకు ఇంకో గండం ఉంది. ఇది వేరే దేశపు పాఠాల్లో దొరకదు. ఇక్కడ ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. రెండెకరాల పదిహేను గుంటలను 2.15 అని రాయడం వాడుక. అది చూడడానికి దశాంశం, నిజానికి 2.375 ఎకరాలు. ఆంధ్ర వైపు ఎకరాకు నూరు సెంట్లు కనుక అక్కడ 2.15 అంటే నిజంగా 2.15.

2018 మేలో రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు మొదలైనప్పుడు రైతుల పేరున చెక్కులు అచ్చువేసి పంచారు. ఎకరాకు 4,000, అంటే గుంటకు సరిగ్గా 100. రెండెకరాల పదిహేను గుంటల రైతుకు 9,500 రావాలి. 2.15ను 4,000తో గుణించే అమాయకపు ఫార్ములా 8,600 ఇస్తుంది. తర్వాత సాయం 5,000కు పెరిగింది, 2025 జనవరిలో వచ్చిన రైతు భరోసాలో 6,000 అయింది. గుంటకు 125, 150. పైసలు రాని అంకెలు కావడం లెక్కరాసేవాళ్లకు పెద్ద ఊరట. భూసేకరణ పరిహారంలో ఎకరం ధర లక్షల్లో ఉంటుంది కనుక అదే పొరపాటు లక్షల్లో పడుతుంది. ఎకరం నలభై లక్షలైతే తేడా తొమ్మిది లక్షలు.

మెర్జ్ దీనికి తన వంతు జోడిస్తుంది. 2.10 అని టైపు చేస్తే విలువగా మిగిలేది 2.1. ఉత్తరంలో రెండెకరాల పది గుంటలు కాస్తా రెండెకరాల ఒక గుంట అవుతుంది. ఎకరాలు ఒక కాలమ్, గుంటలు ఒక కాలమ్ అని విడదీయడం తప్ప దీనికి ఇంకో మందు లేదు. ఇదే జాతి పొరపాటు ఇంకొకటి. అంకెల కాలమ్‌లన్నిటికీ ఒకేసారి కామాలు తొడిగితే కాటేదాన్ పిన్‌కోడ్ 5,00,077 అవుతుంది. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్లనే చిరునామాగా చెప్పుకునే ఈ దారిలో అంకె కనబడ్డ ప్రతిదీ సొమ్ము కాదని గుర్తుపెట్టుకోవడం మంచిది.

అక్షరాలా

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం చెక్కు మీద అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాలదే చెల్లుబాటు. అంతటి బరువున్న పనిలో సాఫ్ట్‌వేర్ సాయం మరీ పలచన. వర్డ్‌లో అంకెను ఇంగ్లీషు మాటల్లోకి మార్చే స్విచ్ ఉంది. అది 9,99,999 దాటితే చేతులెత్తేస్తుంది, లక్ష అన్న మాట దానికి తెలియదు. థాయి బాత్‌ను థాయి మాటల్లో రాసే ఫంక్షన్ ఎక్సెల్‌లో పుట్టుకతో ఉంది, రూపాయికి లేదు. డాలర్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన నమూనా మాక్రోలో డాలర్ తీసి రుపీస్ పెట్టుకోవడం మనవాళ్ల అలవాటు. ఫలితం 'వన్ మిలియన్ టూ హండ్రెడ్ థర్టీ ఫోర్ థౌజండ్ రుపీస్'. పేరు మారింది, మేనమామ పోలిక పోలేదు.

తెలుగులో రాయాలంటే పని ఇంకా కష్టం, ఇంకా రుచి. ఒక విషయంలో మనం అదృష్టవంతులం. హిందీలో ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ విడి మాట కావాలి. మనకు ఇరవై దాటితే ఇరవై రెండు, ముప్పై మూడు అని అతికించుకుంటూ పోవచ్చు. చిక్కు వందల నుంచి మొదలవుతుంది. ఒంటరిగా ఉంటే వంద, వెనక ఏదైనా వస్తే నూట. రెండైతే వందలు, రూపాయల ముందు వందల. లక్ష ఒంటరిగా లక్ష, తోడుంటే లక్షా, ఒకటి దాటితే లక్షల. ఒకటి మరీ మొండిది. 21,000ను ఇరవై ఒకటి వేలు అనం, ఇరవై ఒక్క వేలు అంటాం. మాక్రో రాసేవాడు ప్రతి స్థానానికీ నాలుగేసి రూపాలు పెట్టుకుని, పక్కన ఏముందో చూసి ఎంచాలి. అలా చేయని మాక్రో 1,116ను 'ఒక వెయ్యి ఒక వంద పదహారు రూపాయలు' అని రాస్తుంది. పెళ్లి చదివింపుల్లో ఎవరైనా అలా అంటే పందిరి నవ్వుతుంది.

ఇంకా తేలనివి

ఒకటి ప్రమాణం. తెలుగు ఉత్తరంలో మొత్తం వెనక '/-' పెట్టాలా, 'మాత్రమే' సరిపోతుందా, పైసలుంటే 'రూపాయల యాభై పైసలు' అనాలా, 'రూపాయలు, పైసలు యాభై' అనాలా అన్నదానికి ఆఫీసుకో ఆచారం. అంకె పక్కన ఇంకో అంకె చేర్చకుండా అడ్డంగా గీత గీయడం చేతిరాత కాలపు జాగ్రత్త. ప్రింటులో దాని అవసరం తగ్గింది, అలవాటు తగ్గలేదు.

రెండోది బాధ్యత. అంకె ఒకచోట, అక్షరం ఇంకొకచోట తయారైనప్పుడు రెండూ కలిశాయో లేదో చూసే సంతకం ఎవరిది? లెక్కల గుమస్తా పట్టిక వరకే చూస్తాడు, టైపిస్టు నమూనా వరకే. అచ్చయిన ఉత్తరాల మొత్తాలను తిరిగి కూడి పట్టిక అడుగు వరుసతో పోల్చే ఆనవాయితీ చీటీలు చేత్తో రాసిన రోజుల్లో ఉండేది. మెర్జ్ వచ్చాక అది అనవసరమనిపించి మానేశారు.

మూడోది కార్మికుడి భాష. ఒడిశా, బీహార్ నుంచి వచ్చి కాటేదాన్‌లో పనిచేసేవాళ్లకు తెలుగు అక్షరాల మొత్తం ఎంత పరాయిదో ఇంగ్లీషుదీ అంతే. వాళ్లు చదివేది అంకెనే. కనుక ఆ చీటీలో కామా ఎక్కడ పడిందన్నదే వాళ్లకు అక్షరాలా. ఇక నూట ఒకటి రూపాయలా, నూట ఒక్క రూపాయా అన్న ప్రశ్నకు తెలుగు మాక్రోలు రాసేవాళ్లు తలోదారి పట్టారు. రెండోదే సరైనదని ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది.